కాఫీ యంత్రం మొరాయిస్తోందా? లోపల సున్నం పేరుకుందేమో!

* బోరు నీటితో గొట్టాల్లో గట్టిపడుతున్న తెల్లటి పొర
* నిమ్మ ఉప్పుతో ఇంట్లోనే శుభ్రం చేసుకోవచ్చు
* స్నానాల గది ఆసిడ్ వాడితే ముప్పే
* సున్నం పోయినా ఫ్లోరైడ్ పోదు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ: కొన్న కొత్తలో చిటికెలో కాఫీ దించిన యంత్రం ఏడాది తిరక్కుండానే నత్తనడక పడుతుంది. గరగరమని శబ్దం చేస్తుంది. పైనుంచి ఆవిరి గుప్పున లేస్తుంది గానీ, కింది పాత్రలోకి కాఫీ చుక్కచుక్కగానే దిగుతుంది. ఆఖరికి ఒకరోజు ఎర్రదీపం వెలుగుతుందే తప్ప చుక్క కూడా రాదు. ఇక పాడైపోయిందనుకుని ఇంటివారు దాన్ని అటకెక్కిస్తారు. లేదంటే పాత సామాన్లు కొనేవారికి అగ్గువకు ఇచ్చేస్తారు. అయితే ఇలాంటి లక్షణాలున్న యంత్రంలో ఏ భాగమూ చెడిపోయి ఉండకపోవచ్చు. మనం పోసే నీటిలోని సున్నమే లోపలి సన్నని గొట్టాల్లో పేరుకుని, దారి మూసేసి ఉండవచ్చు. కిరాణా దుకాణంలో దొరికే నిమ్మ ఉప్పుతో, గంటన్నర ఓపికతో దాన్ని తొలగించవచ్చు. తెలియక చేసే పనులతో మాత్రం యంత్రం పాడవడమే కాదు, ఒంటి మీదికే ముప్పు రావచ్చు.

మన ప్రాంతంలో చాయ్‌దే పెద్దపీట. అయినా పొద్దున్నే ఫిల్టర్ కాఫీ తాగనిదే పని మొదలుపెట్టని ఇళ్లకూ కొదవలేదు. స్టీలు ఫిల్టర్ల సరసన కరెంటుతో పనిచేసే కాఫీ యంత్రాలు, పొయ్యి మీద పెట్టే చిన్న కాఫీ కెటిళ్లు, పాలను నురుగెత్తించే ఆవిరి యంత్రాలు ఇళ్లలోకి చేరాయి. వాటిని కొనేటప్పుడు రంగు, ధర, గ్యారంటీ చూస్తాం. ఏ నీళ్లు పోయాలి, ఎన్నాళ్లకోసారి లోపల కడగాలి అన్న సంగతి అడగం. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

నేలలోనే ఉంది సున్నం

మూసీ నది కృష్ణలో కలిసే వాడపల్లి మొదలుకొని మఠంపల్లి, హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు వెళితే నేల కింద సున్నపురాయి పొరలున్నాయి. ఈ ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు వెలసింది ఆ రాయి కోసమే. నదికి ఆవలి ఒడ్డున పల్నాడులోనూ అదే రాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు పేరుపొందింది కూడా అందుకే.

వాన నీరు గాలిలోంచి, నేలలోంచి కార్బన్ డయాక్సైడ్ వాయువును తనలో కలుపుకొని కొద్దిపాటి ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు సున్నపురాయి సందుల్లో దిగుతూ రాయిని కొద్దికొద్దిగా కరిగిస్తుంది. కరిగిన సున్నం బైకార్బనేట్ రూపంలో నీటిలోనే ఉండిపోతుంది. చూడటానికి నీళ్లు అద్దంలా తేటగానే ఉంటాయి. కానీ పప్పు త్వరగా ఉడకదు. సబ్బు నురగ రాదు. ఇలాంటి నీటినే కఠిన జలం అంటారు.

సూర్యాపేట వైపు నేల కింద ఎక్కువగా గ్రానైట్ రాయి ఉంది. అక్కడ సున్నం బెడద ఉండదనుకుంటే పొరపాటే. గ్రానైట్‌లోని ఖనిజాలు శిథిలమైనప్పుడు వాటిలోని కాల్షియం, మెగ్నీషియం నీటిలో చేరతాయి. బోరు లోతుకు పోయేకొద్దీ నీరు రాళ్ల మధ్య ఎక్కువ కాలం నిలిచి ఉంటుంది కాబట్టి లవణాలు ఎక్కువగా కరిగి ఉండే అవకాశముంది. ఒకే ఊరిలో పక్కపక్క బోర్ల నీటి రుచిలో తేడా ఉండటానికి కారణమిదే.

నదీ జలాల సంగతి వేరు. 1967లో నాగార్జునసాగర్ కాల్వలకు నీరు వదిలాక ఎడమ కాల్వ వెంట ఉన్న మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలకు కృష్ణా జలాలు అందాయి. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథ పథకంతో శుద్ధి చేసిన నదీజలం ఇంటింటి నల్లాకు చేర్చే ఏర్పాటు జరిగింది. సాధారణంగా ఈ నీటిలో బోరు నీటిలో ఉన్నంత సున్నం ఉండదు. అయితే నల్లా నీరు రాని పూట బోరు మోటారు వేయడం, రెండింటినీ ఒకే ట్యాంకులోకి వదలడం మన ఇళ్లలో మామూలే. అలాంటి ఇంట్లో కాఫీ యంత్రంలోకి ఏ నీళ్లు వెళుతున్నాయో ఇంటివారికే తెలియదు.

నీరు మరిగితే రాయి

నీటిలో కరిగి ఉన్న సున్నం యంత్రంలోకి వెళ్లాక గట్టిపడటానికి కారణం వేడి. బైకార్బనేట్ వేడికి విడిపోతుంది. అందులోని వాయువు గాలిలోకి పోతుంది. మిగిలిన కాల్షియం కార్బనేట్ నీటిలో కరగదు కనుక వేడిగా ఉన్న లోహాన్ని పట్టుకుని పొరగా అంటుకుంటుంది. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లగా కట్టే పొర ఇదే. గిన్నెను పీచుతో తోమేస్తాం. కాఫీ యంత్రంలో నీటిని వేడిచేసే గొట్టం కనపడదు, చేయి దూరదు. అందుకే అక్కడ పొర మీద పొర చేరుతుంది.

చిన్న లెక్క వేస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. తాగునీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీటి వనరు లేని చోట 600 మిల్లీగ్రాముల దాకా అనుమతించవచ్చని భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 10500 : 2012 ప్రమాణంలో పేర్కొంది. మీ బోరు నీటి కాఠిన్యం 400 మిల్లీగ్రాములు అనుకుందాం. రోజుకు ఒక లీటరు నీటితో కాఫీ కాస్తే నెలకు 30 లీటర్లు. వాటితో యంత్రంలోకి వెళ్లే సున్నం 12 గ్రాములు. అందులో సగమే గొట్టానికి అంటుకుందనుకున్నా నెలకు 6 గ్రాములు, ఏడాదికి 72 గ్రాములు. సన్నని గొట్టం మూసుకుపోవడానికి అంత సున్నం కూడా అక్కర్లేదు.

సున్నపు పొర లోహంలా వేడిని ప్రసరింపజేయదు. పొర మందమయ్యేకొద్దీ యంత్రం వేడి నీటికి చేరదు. గొట్టం మాత్రం మితిమీరి కాలుతుంది. కరెంటు ఖర్చు పెరుగుతుంది. చివరికి లోపలి ఫ్యూజు పోతుంది. మిర్యాలగూడలోని ఉప్పుడు బియ్యం మిల్లుల్లో బాయిలర్లు నడిపేవారికి ఈ సంగతి కొత్తేమీ కాదు. బాయిలర్ గొట్టాల్లో సున్నం కడితే ఊక ఎక్కువ కాలుతుంది, గొట్టాలు దెబ్బతింటాయి. వంటింటి యంత్రంలో జరిగేదీ అదే. పరిమాణమే తేడా.

అడ్డు ఎక్కడుందో ముందు తెలుసుకోండి

కాఫీ దిగకపోవడానికి ప్రతిసారీ సున్నమే కారణం కాదు. పొడి మరీ మెత్తగా ఉన్నా, చికోరీ ఎక్కువగా కలిసినా, పొడిని అదిమి నింపినా జల్లెడ రంధ్రాలు మూసుకుపోతాయి. అసలు కారణం ఏమిటో తేల్చుకోవడానికి తేలికైన పరీక్ష ఉంది. కాఫీ పొడి వేయకుండా, కాగితపు ఫిల్టరు తీసేసి ఒట్టి నీళ్లతో యంత్రాన్ని నడపండి. నీరు ధారగా దిగితే గొట్టాలు బాగున్నట్టే. తప్పు పొడిలోనో, జల్లెడలోనో ఉంది. ఒట్టి నీరు కూడా ఆగి ఆగి వస్తుంటే, శబ్దం ఎక్కువై ఆవిరి లేస్తుంటే, కాఫీలో తెల్లటి రేకులు తేలుతుంటే సున్నం పేరుకున్నట్టు భావించాలి.

శుభ్రం చేసే పద్ధతి

సున్నాన్ని కరిగించేది పులుపు. వినెగర్, నిమ్మరసం, చింతపండు దేనిలోనైనా ఉండేది ఆమ్లమే. అయితే నిమ్మరసంలోని తొనల ముక్కలు, చింతపండు పీచు గొట్టంలో చిక్కుకుని కొత్త అడ్డు తెస్తాయి. వినెగర్ వాసన నాలుగైదు సార్లు కడిగినా ఓ పట్టాన వదలదు. అందుకని నిమ్మ ఉప్పు మేలు. దీని అసలు పేరు సిట్రిక్ ఆమ్లం. చూడటానికి పంచదార పలుకుల్లా ఉంటుంది. వంట సోడాతో దీనికి సంబంధం లేదు. దుకాణంలో అడిగేటప్పుడు, ఇంట్లో డబ్బాల్లో పోసేటప్పుడు ఈ రెండూ తారుమారు కాకుండా చూసుకోవాలి. లెక్క ప్రకారం 30 గ్రాముల నిమ్మ ఉప్పు సుమారు 20 గ్రాముల సున్నాన్ని కరిగించగలదు.

కరెంటుతో నడిచే, చుక్కలుగా కాఫీ దించే యంత్రానికి ఈ పద్ధతి పాటించాలి.

1. ప్లగ్గు తీసేసి యంత్రాన్ని పూర్తిగా చల్లారనివ్వండి. కాఫీ పిప్పి పారబోసి, జల్లెడను, గాజు పాత్రను విడిగా కడగండి.

2. లీటరు నీటిలో రెండు పెద్ద చెంచాల నిమ్మ ఉప్పు వేసి పలుకులు పూర్తిగా కరిగేదాకా కలపండి. ఈ నీటిని యంత్రం ట్యాంకులో పోయండి. ట్యాంకు చిన్నదైతే నీటిని, నిమ్మ ఉప్పును అదే లెక్కన తగ్గించుకోండి.

3. యంత్రాన్ని ఆన్ చేసి సగం నీరు కిందికి దిగాక ఆపేయండి. అరగంట కదపకుండా వదిలేయండి. గొట్టంలో నిలిచిన పుల్లటి నీరు సున్నంపై పనిచేసేది ఈ వ్యవధిలోనే. లోపలినుంచి బుడగల శబ్దం రావచ్చు. సున్నం కరిగేటప్పుడు వెలువడే వాయువు అది, భయపడనక్కర్లేదు.

4. మళ్లీ ఆన్ చేసి మిగతా నీటిని దింపేయండి. దిగిన నీటిలో తెల్లటి పలుకులు కనిపిస్తే పారబోసి, కొత్తగా కలిపిన నీటితో మరోసారి ఇలాగే చేయండి. ఒకసారి వాడిన నీటిని తిరిగి పోయొద్దు. ఒకేసారి చిక్కగా కలిపి పోయడం కన్నా పలుచగా రెండుసార్లు చేయడమే మంచిది.

5. ఆపై కనీసం మూడు ట్యాంకుల మంచినీటితో యంత్రాన్ని నడపండి. ఆఖరి నీటిని చల్లార్చి నాలుకకు తగిలిస్తే పులుపు తెలియకూడదు.

చుక్క కూడా దిగనంతగా మూసుకుపోయిన యంత్రాన్ని పదేపదే ఆన్ చేయకూడదు. నీరు లేని గొట్టం ఒట్టిగా కాలి చెడిపోతుంది. ట్యాంకులో గోరువెచ్చని నిమ్మ ఉప్పు నీరు పోసి, ప్లగ్గు పెట్టకుండా రాత్రంతా వదిలేయాలి. తెల్లవారాక ఆ నీటిని పారబోసి, కొత్త నీటితో ప్రయత్నించాలి. నీరు చిలకరించే పైభాగంలో రంధ్రాలుంటే పాత పళ్ల బ్రష్‌తో రుద్దాలి. ట్యాంకు అడుగున నీరు వెనక్కి రాకుండా ఆపే చిన్న కవాటం ఉంటుంది. అక్కడ ఇసుక రేణువు ఇరుక్కున్నా నీరు కదలదు. ట్యాంకును శుభ్రంగా తొలిచి వంచేస్తే అది బయటికి వచ్చేస్తుంది.

స్టీలు, ఇత్తడి ఫిల్టర్లకు

అమ్మమ్మల కాలం నుంచీ వాడుతున్న రెండు గిన్నెల ఫిల్టర్‌లో నీటిని విడిగా కాచి పోస్తాం కాబట్టి సున్నం బెడద తక్కువ. ఇక్కడ అడ్డు పడేది మెత్తటి పొడి, కాఫీ గింజలోని నూనె జిడ్డు. పిప్పిని ఎండిపోనివ్వకుండా వెంటనే పారబోసి, పై గిన్నెను బోర్లించి అడుగు వైపునుంచి నల్లా ధార పట్టాలి. ఇరుక్కున్న పొడి వచ్చిన దారినే వెనక్కి పోతుంది. వారానికోసారి వేడినీటిలో గిన్నెలు తోమే సబ్బు కలిపి అరగంట నానబెట్టి బ్రష్‌తో రుద్దాలి. పిన్నీసుతో, సూదితో పొడిస్తే రంధ్రాలు పెద్దవై డికాషన్‌లోకి పొడి దిగుతుంది.

మూసుకుపోయిన స్టీలు గిన్నె అడుగును సన్నని గ్యాస్ మంట మీద కాల్చి, ఇరుక్కున్న పొడిని బూడిద చేయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. గిన్నె పూర్తిగా స్టీలుదైతే, ప్లాస్టిక్ పిడి లేకపోతే ఇలా చేయవచ్చు. పట్టకారుతో పట్టుకోవాలి. చల్లారాకే నీళ్లు తగిలించాలి. కళాయి పూసిన ఇత్తడి ఫిల్టరును మాత్రం మంట మీద పెట్టకూడదు, కళాయి కరిగిపోతుంది. ఇత్తడిని చింతపండుతో తోమేది పైభాగం మెరవడానికే. లోపల పులుపును నానబెట్టకూడదు. లోపలి కళాయి పోయి పచ్చగా కనిపిస్తుంటే తిరిగి కళాయి వేయించేదాకా వాడకపోవడమే క్షేమం.

పొయ్యి మీది కెటిల్‌తో జాగ్రత్త

కింద నీరు, మధ్యలో పొడి, పైన కాఫీ చేరే అల్యూమినియం కెటిల్‌ను ఇటలీలో అల్ఫోన్సో బియాలెట్టి 1933లో రూపొందించారు. మన ఇళ్లలో కనిపించే పొయ్యి కెటిళ్లు ఆ పద్ధతివే. వీటిలో కింది అర నుంచి నీటిని పైకి నెట్టేది ఆవిరి ఒత్తిడి. ప్రెషర్ కుక్కర్‌కు సేఫ్టీ వాల్వ్ ఎలాగో దీనికీ కింది అర పక్కన చిన్న కవాటం ఉంటుంది. పైదారి మూసుకుపోయినప్పుడు ఆవిరి బయటికి పోవాల్సింది అక్కడినుంచే. సున్నం కట్టి అదీ బిగుసుకుపోతే కెటిల్ పేలే ప్రమాదముంది.

కాబట్టి నీటిని ఎప్పుడూ ఆ కవాటం కన్నా కింది మట్టం వరకే పోయాలి. పొడిని అదమకూడదు. కవాటం మధ్యలోని పుల్ల కదిలే రకమైతే వారానికోసారి కదిలించి చూడాలి. దాని చుట్టూ తెల్లగా గట్టిపడి, నానబెట్టినా కదలకపోతే కొత్త కవాటం వేయించేదాకా పొయ్యి ఎక్కించకూడదు. రబ్బరు వాషరు గట్టిపడినా, పగిలినా మార్చాలి.

అల్యూమినియం పాత్రకు నిమ్మ ఉప్పు ఘాటు పనికిరాదు. లీటరు నీటికి ఒక చిన్న చెంచా కలిపి, పావుగంటకు మించకుండా ఉంచి కడిగేయాలి. వంట సోడా, బట్టల సోడా అసలే వద్దు. అల్యూమినియం నల్లబడి గుంటలు పడుతుంది.

పాలను నురుగెత్తించే ఆవిరి యంత్రాల్లో రెండు అడ్డంకులు. బాయిలర్‌లో సున్నం, ఆవిరి గొట్టం మొనలో ఎండిన పాలు. పాలు కాచిన వెంటనే గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, రెండు మూడు క్షణాలు ఒట్టి ఆవిరి వదిలితే రెండోది దరిచేరదు. బాయిలర్ మూతను యంత్రం ఆపి, ఆవిరంతా వదిలేసి, పూర్తిగా చల్లారాకే తీయాలి. వేడి మీద బలవంతంగా తిప్పితే మరిగే నీరు, ఆవిరి ముఖం మీదికి ఎగజిమ్ముతాయి. ఈ యంత్రాలు ఒక్కో తయారీ సంస్థవి ఒక్కో తీరు కనుక వెంట వచ్చిన పుస్తకంలో చెప్పిన పద్ధతినే పాటించాలి.

ఈ పనులు చేయొద్దు

* స్నానాల గది, మరుగుదొడ్డి కడిగే ఆసిడ్ త్వరగా పనిచేస్తుందని కొందరు ఆశపడతారు. అందులో ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది. వేడి తగిలితే ఘాటైన పొగలు వస్తాయి. కొద్దిగా మిగిలినా అది కాఫీతో పాటు కడుపులోకి పోతుంది.

* నిమ్మ ఉప్పుతో గానీ, వినెగర్‌తో గానీ బ్లీచింగ్ పౌడరు కలపకూడదు. ఆమ్లం తగిలితే బ్లీచింగ్ నుంచి విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. తలుపులు మూసిన వంటింట్లో ఇది ప్రాణాంతకం కావచ్చు.

* నిమ్మ ఉప్పు, వంట సోడా కలిపి పోస్తే రెట్టింపు పనిచేస్తుందనుకోవద్దు. ఒకదాన్నొకటి విరిచేస్తాయి. నురగ తప్ప ఫలితం ఉండదు.

* కరెంటు యంత్రాన్ని నీటిలో ముంచకూడదు. ప్లగ్గు తీయకుండా తడిచేత్తో తాకకూడదు. ఎర్తింగ్ ఉన్న మూడు పిన్నుల సాకెట్‌లోనే వాడాలి.

* పుల్లటి నీరు పాలరాయి గట్టు మీద, తాండూరు, షాబాదు బండల మీద ఒలకకుండా చూసుకోవాలి. ఆ రాళ్లూ సున్నపు జాతివే. నునుపు పోయి మచ్చలు పడతాయి. యంత్రం కింద స్టీలు పళ్లెం పెట్టుకుంటే చాలు.

సున్నం పోతుంది, ఫ్లోరైడ్ పోదు

ఉమ్మడి నల్గొండ జిల్లావారు మరువకూడని విషయం ఒకటుంది. యంత్రంలో సున్నం కనిపిస్తుంది, ఫ్లోరైడ్ కనిపించదు. నీటిని ఎంత మరిగించినా ఫ్లోరైడ్ ఆవిరైపోదు. పైగా నీరు తగ్గేకొద్దీ మిగిలిన నీటిలో దాని మోతాదు పెరుగుతుంది. నిమ్మ ఉప్పుతో యంత్రం తళతళలాడినా మరుసటి రోజు పోసే బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటే అది కప్పులోకి వచ్చి తీరుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రమాణం. ఎదిగే పిల్లల పళ్లకు, ఎముకలకు దీని హాని ఎంతటిదో ఈ జిల్లాకు వేరే చెప్పనక్కర్లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో ఫ్లోరైడ్‌ను తగ్గించేందుకు నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ రూపొందించిన విధానానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది.

నీటి శుద్ధి పరికరాలు అమ్మేవారు చూపించే టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే సూచిస్తుంది. అందులో సున్నమెంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది విడదీసి చెప్పదు. టీడీఎస్ తక్కువగా ఉందని ఫ్లోరైడ్ లేదని అనుకోకూడదు. బోరు నీటినే తాగుతున్నవారు నీటి పరీక్షా ప్రయోగశాలలో ఒకసారి పరీక్ష చేయించుకోవడం అవసరం.

ఏ నీళ్లు పోయాలి?

శుద్ధి చేసిన నల్లా నీరు అందుబాటులో ఉంటే కాఫీకి అదే పోయాలి. బోరు నీటితో కలవకుండా విడిగా బిందెలో పట్టుకోవాలి. ఆర్‌ఓ నీటిలో సున్నం, ఫ్లోరైడ్ రెండూ బాగా తగ్గుతాయి. కాకపోతే లవణాలు మరీ లేని నీటితో కాఫీ చప్పగా అనిపిస్తుంది. అరకు గింజల పొడి తెచ్చినా రుచి తేలిపోయిందంటే నీటి వైపు కూడా చూడాలి. నీటిలో కొద్దిపాటి ఖనిజాలుంటేనే గింజలోని రుచి దిగుతుంది, ఎక్కువైతే ఆ రుచి అణగిపోతుంది.

నీటి కాఠిన్యాన్ని ఇంట్లోనే అంచనా వేసుకోవచ్చు. ఒకే రకం సీసాలు రెండు తీసుకుని ఒకదాంట్లో బోరు నీరు, మరొకదాంట్లో పట్టి ఉంచిన వాననీరు లేదా ఆర్‌ఓ నీరు పోయండి. రెండింటిలో సమానంగా కొన్ని చుక్కల సబ్బు నీరు వేసి గట్టిగా కుదపండి. ఒకదాంట్లో నురగ నిలిచి, మరొకదాంట్లో తెల్లటి తెట్టు కడితే అది కఠిన జలమే. దీనికి మామూలు బట్టల సబ్బు వాడాలి, డిటర్జెంట్ పొడి వద్దు. అది కఠిన జలంలోనూ నురగనిస్తుంది.

బోరు నీరు తప్ప గత్యంతరం లేనప్పుడు ముందుగా గిన్నెలో బాగా మరిగించి, చల్లార్చి, అడుగు కదలకుండా పైతేటను మాత్రమే యంత్రంలో పోయాలి. సున్నంలో కొంత భాగం గిన్నెలోనే ఉండిపోతుంది. మరిగించినా విడిపోని లవణాలు కొన్ని ఉంటాయి కనుక ఇది పూర్తి పరిష్కారం కాదు. ఫ్లోరైడ్‌కు అసలే కాదు. పటిక తిప్పితే మట్టి పేరుకుంటుందే గానీ కాఠిన్యం తగ్గదు.

ఎన్నాళ్లకోసారి?

రోజూ బోరు నీటితో నడిచే యంత్రానికి నెలకోసారి, నల్లా నీటితో నడిచేదానికి రెండు మూడు నెలలకోసారి, ఆర్‌ఓ నీటిదైతే ఆరు నెలలకోసారి నిమ్మ ఉప్పు నీరు పట్టించాలి. ఇది స్థూలమైన లెక్క మాత్రమే. కాఫీ దిగడానికి మామూలుగా పట్టే సమయాన్ని ఒకసారి గడియారం చూసి రాసి పెట్టుకోండి. అది పెరగడం మొదలైతే గడువుతో పని లేకుండా శుభ్రం చేయాలి. పొర పలుచగా ఉన్నప్పుడు ఒక్కసారితో పోయేది, రాయిలా మారాక నాలుగుసార్లకూ వదలదు.

రోజువారీ జాగ్రత్తలూ అవసరమే. వాడకం అయ్యాక ట్యాంకులో నీరు నిల్వ ఉంచకూడదు. మూత తెరిచి ఆరనివ్వాలి. జల్లెడకు, గాజు పాత్రకు పట్టిన కాఫీ జిడ్డు నాలుగు రోజులకే ముక్క వాసన కొడుతుంది, కాఫీకి అకారణంగా చేదు వస్తుంది. వాటిని సబ్బు నీటితో రోజూ కడగాలి. గాజు పాత్ర అడుగున గోధుమ రంగు మరకలకు వంట సోడా చల్లి రుద్దితే సరిపోతుంది.

ఇంత చేసినా నీరు కదలకపోతే, అడుగునుంచి కారుతుంటే, కాలిన వాసన వస్తుంటే, ముట్టుకుంటే షాక్ కొడుతుంటే ఇంట్లో విప్పి చూడటం మానుకోవాలి. గ్యారంటీ గడువు ఉందో లేదో చూసుకుని మెకానిక్‌కు చూపించాలి. మరమ్మతుకు ఇచ్చేటప్పుడు ఇంట్లో ఏ నీరు వాడుతున్నదీ, నిమ్మ ఉప్పుతో ఎన్నిసార్లు శుభ్రం చేసిందీ చెబితే, లోపం సున్నానిదో, ఫ్యూజుదో మెకానిక్‌కు త్వరగా తెలుస్తుంది. పనిచేసే భాగాలను అనవసరంగా మార్చే ఖర్చూ తప్పుతుంది.